గుండె ధమనులకు దారి చూపించేది ఎవరు?

యాంజియోగ్రామ్ రిపోర్టు ఎప్పుడైనా పూర్తిగా చదివారా? ఎల్‌ఏడీ, ఆర్‌సీఏ లాంటి గుండె ధమనుల్లో ఒక్కోదాంట్లో ఇంత శాతం బ్లాకు అని రాసిన వరుసల మధ్య ‘రైట్ డామినెంట్’ అనో ‘లెఫ్ట్ డామినెంట్’ అనో ఒక మాట ఉంటుంది. ఇంట్లో అందరి టెన్షనూ బ్లాకుల మీదే ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. డాక్టర్లూ దాని గురించి పెద్దగా చెప్పరు, ఎందుకంటే అది జబ్బు కాదు. గుండె వెనకవైపు కిందికి దిగే ఒక ధమని ఉంటుంది. అది కుడి కరోనరీ (గుండె కండరానికి రక్తమిచ్చే ధమని) నుంచి చీలితే రైట్ డామినెంట్, ఎడమ నుంచి వస్తే లెఫ్ట్ డామినెంట్. నూటికి 80 మందికి పైగా కుడివైపే. కొద్దిమందికి ఎడమవైపు, ఇంకొద్దిమందికి రెండు వైపుల నుంచీ వస్తుంది. ఎడమవైపు వాళ్లకు ఎడమ ప్రధాన ధమనిలో బ్లాకు వస్తే గుండెలో ఎక్కువ భాగం ప్రమాదంలో పడుతుంది. అందుకే ఆ రెండు మాటలు రిపోర్టులోకి ఎక్కుతాయి.

ఇది వయసుతోనో తిండితోనో మారేది కాదు. తల్లి కడుపులో ఉండగానే తేలిపోతుంది. మరి వేలెడంత కూడా లేని పిండంలో, అప్పుడే పుట్టుకొస్తున్న రక్తనాళానికి ఎటు వెళ్లాలో ఎవరు చెబుతారు? ఈ ప్రశ్నకు గత 30 ఏళ్లలో దొరికిన జవాబుల్లో పదే పదే వినిపించే పేరు ఒకటుంది: సీఎక్స్‌సీఎల్12. అది కీమోకైన్ల కుటుంబంలో ఒక చిన్న ప్రొటీన్.

కీమోకైన్లంటే ఒక కణం బయటికి వదిలితే ఇంకో కణం పసిగట్టి కదిలే ప్రొటీన్లు. మన ఒంట్లో దాదాపు 50 రకాలున్నాయి. వీటి గురించి మొదట తెలిసింది రోగనిరోధక వ్యవస్థను చదువుతున్నవాళ్లకు. దెబ్బ తగిలిన చోట, చీము పట్టిన చోట కణాలు కీమోకైన్లను వదులుతాయి, తెల్లరక్తకణాలు అటు పరుగెత్తుతాయి. వీధిలో నడుస్తుంటే ఏ ఇంట్లోనో పోపు వేసిన వాసన వస్తుంది చూడండి, ఎటు అడుగేస్తే ఘాటు పెరుగుతోందో అటు వెళితే ఆ ఇల్లు దొరుకుతుంది. కణాలు చేసేదీ అదే. కణం పైపొరలో ఉండే రిసెప్టర్ ఆ కీమోకైన్‌ను పట్టుకుంటుంది. ఏ పక్క ఎక్కువ తగులుతోందో లోపలికి కబురు పంపుతుంది. కణం తన లోపలి పోగులను ఆ వైపుకి సాచి జరుగుతుంది.

సీఎక్స్‌సీఎల్12 ఈ కుటుంబంలో కాస్త వేరు. వాపు వచ్చినప్పుడే పుట్టే రకం కాదు, చాలా కణజాలాల్లో ఎప్పుడూ కొంత ఉంటూనే ఉంటుంది. దీన్ని 1993లో జపాన్‌లో తసుకు హోంజో బృందం గుర్తించింది. క్యాన్సర్ ఇమ్యునోథెరపీకి బాట వేసిన పరిశోధనకు 2018లో నోబెల్ అందుకున్న హోంజో ఈయనే. దీని రిసెప్టర్ సీఎక్స్‌సీఆర్4 మాత్రం వేరే దారిలో పేరుకెక్కింది. హెచ్‌ఐవీ వైరస్‌లో కొన్ని రకాలు కణంలోకి దూరడానికి వాడుకునే తలుపు ఇదేనని 1996లో తేలింది. అప్పటికి ఈ జంట గురించి మాట్లాడేవాళ్లంతా రక్తకణాలు, వైరస్‌ల నిపుణులే. గుండె ఊసే లేదు.

అదే ఏడాది తకాషి నగసావా బృందం సీఎక్స్‌సీఎల్12 జన్యువును తీసేసిన ఎలుకలను తయారుచేసింది. వాళ్లు చూడాలనుకున్నది యాంటీబాడీలు తయారుచేసే బి కణాల పుట్టుకనీ, ఎముక మజ్జనీ. అనుకున్నట్టే మజ్జలో రక్తకణాల తయారీ కుంటుపడింది. దానితోపాటు ఎవరూ ఊహించనిది ఇంకొకటి కనిపించింది. ఆ ఎలుకపిల్లల గుండెలో కింది రెండు గదుల మధ్య గోడ పూర్తిగా మూసుకోలేదు. మనం ‘గుండెలో రంధ్రం’ అని చెప్పుకునే లోపమే అది. పిల్లలు పుట్టేసరికే చనిపోయాయి. రెండేళ్ల తర్వాత, 1998లో, రిసెప్టర్ జన్యువును తీసేసిన ఎలుకల్లోనూ ఇదే లోపం కనిపించింది. పైగా జీర్ణకోశానికి వెళ్లే పెద్ద రక్తనాళాలు సరిగ్గా ఏర్పడలేదు. పిలిచేదాన్ని తీసేసినా, వినేదాన్ని తీసేసినా ఒకే చోట దెబ్బ తగిలిందంటే, గుండె కట్టడంలో ఈ జంటకు నేరుగా పని ఉందన్నమాట.

గోడకీ కీమోకైన్‌కీ సంబంధమేమిటి? గుండె గదుల మధ్య గోడ ఒక చోట మొదలై ఒకటే ముక్కగా పెరగదు. కింద నుంచి కండర గోడ లేస్తుంది, మధ్యలో మెత్తటి దిళ్లలాంటి కణజాలం ఎదిగి కలుస్తుంది, పైనుంచి పెద్ద ధమనిని రెండుగా చీల్చే పొర దిగివస్తుంది. ఈ మూడూ ఒక చోట అతుక్కుంటేనే గోడ పూర్తవుతుంది. పైనుంచి దిగే పొరలో పనిచేసే కణాల్లో ముఖ్యమైనవి మెడ ప్రాంతపు నాడీ శిఖర కణాలు. అవి పిండం వీపు వైపున పుట్టి, గొంతు ప్రాంతం మీదుగా నడిచి గుండెను చేరతాయి. ఈ నడకలో వాటికి సీఎక్స్‌సీఆర్4 ఉంటుందనీ, ఆ సంకేతాన్ని చెడగొడితే గుండె నుంచి బయటికి వెళ్లే పెద్ద నాళాల దగ్గర లోపాలు వస్తాయనీ కోడి పిండాల మీద, ఎలుకల మీద చేసిన ప్రయోగాలు 2013లోనూ 2016లోనూ చూపించాయి. అలా వచ్చిన లోపాలు డైజార్జ్ సిండ్రోమ్ అనే జన్యు రుగ్మత ఉన్న పిల్లల్లో కనిపించేవాటిని పోలి ఉన్నాయి.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న ప్రతి బిడ్డకూ ఈ జన్యువులో లోపం ఉందని కాదు. పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో గోడలో రంధ్రమే ఎక్కువగా కనిపిస్తుంది, దానికి కారణాలు చాలా ఉన్నాయి. మనుషుల్లో నేరుగా కనిపించే ఉదాహరణ అరుదైన విమ్ సిండ్రోమ్. అందులో సీఎక్స్‌సీఆర్4 ఆగకుండా పనిచేస్తూ పోతుంది. ఆ రోగుల్లో ప్రధాన ఇబ్బంది తెల్లకణాలు మజ్జలోనే చిక్కుకుపోవడం. అయితే కొద్దిమందిలో టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనే గుండె లోపం కూడా కనిపించింది. సంకేతం తగ్గినా తేడా వస్తుంది, పెరిగినా తేడా వస్తుందనడానికి ఇది ఆధారం. ఇంకొక సంగతి: మనిషి పిండంలో ఈ గోడ పని ఎనిమిది వారాలకల్లా దాదాపు పూర్తవుతుంది. అయిదో నెలలో చేసే టిఫా స్కాన్‌లో డాక్టర్ వెతికేది రెండు మూడు నెలల కిందటే ముగిసిపోయిన పని ఫలితాన్ని. ఆ లోపానికి తల్లి నిన్న తిన్నదో మొన్న ఎక్కిన మెట్లో కారణమని ఇంట్లో ఎవరైనా అంటుంటే, అది అన్యాయమని గట్టిగా చెప్పండి.

ఇక రక్తనాళాల సంగతి. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఎలుకల మీద కాదు, జీబ్రాఫిష్ మీద జరిగింది. ఈ చిన్న చేప పిండం గాజులా పారదర్శకంగా ఉంటుంది. రక్తనాళాల కణాలు పచ్చగా వెలిగేలా జన్యువు మారిస్తే, బతికున్న పిండంలోనే నాళం పెరగడాన్ని మైక్రోస్కోపు కింద గంటల తరబడి చూడొచ్చు. ఒకటిన్నర, రెండు రోజుల వయసున్న పిండం మెదడు వెనక భాగంలో పక్కనున్న సిర నుంచి కొత్త మొలకలు బయల్దేరి, మధ్యలో ఉన్న ధమనిని చేరుకుని దానికి అతుక్కుంటాయి. ఆ మొలకల్లో ఇంకా రక్తం పారడం లేదు. వాటి కణాల్లో సీఎక్స్‌సీఆర్4 జన్యువు జోరుగా పనిచేస్తూ ఉంటుంది. సంకేతం ధమని వైపు నుంచి వస్తుంది. మొలక వెళ్లి ధమనికి తగులుకుని, లోపల దారి తెరుచుకుని రక్తం పారడం మొదలైందో లేదో, ఆ జన్యువు ఆగిపోతుంది.

2011లో వచ్చిన ఈ ప్రయోగంలో ఇంకో మెట్టు కూడా ఉంది. గుండె కొట్టుకోకుండా చేసి రక్త ప్రవాహం లేకుండా చూస్తే, రిసెప్టర్ జన్యువు ఆగాల్సిన కణాల్లోనూ నడుస్తూనే ఉంది. అంటే రక్తం వచ్చి తాకిన ఒత్తిడే ‘చేరావు, ఇక వెతకొద్దు’ అని ఆ కణానికి చెబుతోంది. రిసెప్టర్ లేని పిండాల్లో మొలకలు బయల్దేరాయి, కానీ చాలావరకు ధమనిని చేరలేకపోయాయి. దీంట్లో నాకు ముఖ్యంగా అనిపించేది ఏమిటంటే, నాళానికి పుట్టుక నుంచే పూర్తి పటం గీసి ఇవ్వలేదు. వెతికే శక్తి ఇచ్చారు, దొరికాక ఆపే ఏర్పాటు చేశారు. పని చేసిందో లేదో రక్తమే తేలుస్తుంది.

కీమోకైన్ కథలో ఎక్కువమంది వదిలేసే పాత్ర మూడోది. ఇప్పటిదాకా పిలిచేది ఒకటి, వినేది ఒకటి అనుకున్నాం. 2000ల మధ్యలో సీఎక్స్‌సీఎల్12కు రెండో రిసెప్టర్ ఉందని బయటపడింది. దాని పేరు సీఎక్స్‌సీఆర్7. దీన్ని పట్టుకున్న పరిశోధకులకు మొదట్లో వింతగా అనిపించింది. ఇది కీమోకైన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, కానీ మామూలు రిసెప్టర్లలా కణాన్ని కదలమని చెప్పదు. పట్టుకున్నదాన్ని లోపలికి లాగేసి నాశనం చేస్తుంది. జీబ్రాఫిష్‌లో బీజకణాల (తర్వాత అండాలు, వీర్యకణాలుగా మారేవి) ప్రయాణాన్ని చూసిన ఎరెజ్ రాజ్ బృందం 2008లో దీని అవసరమేమిటో చూపించింది. సీఎక్స్‌సీఆర్7 తీసేస్తే బీజకణాలు ఆగిపోలేదు, దారి తప్పాయి. పోపు వాసన వీధంతా ఒకేలా కమ్మేస్తే ఏ ఇంట్లోంచి వస్తోందో తెలియదు కదా. పాత సంకేతాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేసేవాళ్లుంటేనే ఎక్కువ, తక్కువ అన్న తేడా నిలుస్తుంది. ఆ తేడా లేకపోతే కణానికి దిక్కు లేదు.

మరి గుండెలో? సీఎక్స్‌సీఆర్7 లేని ఎలుకలను 2007లో పరిశీలించినప్పుడు, పుట్టగానే చాలావరకు చనిపోయాయి. గోడలో రంధ్రం ఉంది. దానికి తోడు బృహద్ధమని, పుపుస ధమని మొదట్లో ఉండే కవాటాలు వికారంగా తయారయ్యాయి. ఇంత తీవ్రమైన లోపానికి కీమోకైన్ ఒక్కటే కారణమా అన్న అనుమానం అప్పటి నుంచే ఉంది. 2014లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలోని కేథ్లీన్ కారన్ బృందం దీనికి చక్కటి మలుపు ఇచ్చింది. సీఎక్స్‌సీఆర్7 ఊడ్చేది సీఎక్స్‌సీఎల్12ను మాత్రమే కాదు, అడ్రినోమెడ్యులిన్ అనే హార్మోన్‌ను కూడా. సీఎక్స్‌సీఆర్7 లేకపోతే ఆ హార్మోన్ మిగిలిపోయి, గుండె కండరమూ లింఫ్ నాళాలూ అతిగా పెరుగుతాయి. అదే ఎలుకల్లో అడ్రినోమెడ్యులిన్ జన్యువును సగానికి తగ్గిస్తే ఆ లోపాలు చాలావరకు సర్దుకున్నాయి. ‘కీమోకైన్ రిసెప్టర్’ అని పేరు పెట్టినంత మాత్రాన అది చేసేది కీమోకైన్ పనే అనుకోకూడదని అర్థమైంది. గుండె లోపాల మీద చేసే చాలా ప్రయోగాలను ఈ కోణంలో మళ్లీ చదవాల్సి ఉందని నా అభిప్రాయం.

ఇప్పుడు కరోనరీ ధమనుల దగ్గరికి వద్దాం, అసలు విషయం అక్కడే ఉంది. చాలాకాలం వైద్య విద్యార్థులకు చెప్పినది, చూడగానే తోచేది ఒకటే: కరోనరీలు బృహద్ధమని నుంచి కొమ్మల్లా బయటికి పెరిగాయని. నిజానికి అది తలకిందులు. నాళాల కణాలు ముందు గుండె ఉపరితలం మీద జల్లెడలాంటి సన్నటి వలగా పరుచుకుంటాయి. ఆ వల ఎదిగి వెళ్లి బృహద్ధమని గోడను గుచ్చుకుని లోపలికి తెరుచుకుంటుంది. 2010లో పరిశోధకురాలు క్రిస్టీ రెడ్-హార్స్ చేసిన పనితో ఇంకో సంగతి కూడా తెలిసింది. ఆ వలలో చాలా కణాలు గుండెకు రక్తం తెచ్చే సిరల కూడలి నుంచి బయల్దేరినవి. అంటే సిర కణాలు తమ పాత గుర్తింపును వదిలేసి ధమని కణాలుగా మారతాయి.

అంత పెద్ద గుండె ఉపరితలం మీద, ఆ వల బృహద్ధమనిని ఎలా కనుక్కుంటుంది? 2015లో ఒకే పత్రికలో మూడు వేర్వేరు పరిశోధనలు దీనికి జవాబిచ్చాయి. రెండు ఎలుకల మీద, ఒకటి జీబ్రాఫిష్ మీద. బృహద్ధమని ప్రాంతం, గుండె పైపొర సీఎక్స్‌సీఎల్12ను వదులుతాయి. వలలోని నాళ కణాల మీద సీఎక్స్‌సీఆర్4 ఉంటుంది. ఈ రెంటిలో ఏది లేకపోయినా వల అసలు లేకుండా పోదు, ఇది గమనించాలి. వల ఏర్పడుతుంది. కానీ అది ధమనుల చెట్టుగా ఎదగలేకపోతుంది, బృహద్ధమనికి అతుక్కోవాల్సిన కాండాలు సరిగ్గా నిలవవు. జీబ్రాఫిష్‌లో కరోనరీలు మొదలయ్యేది గుడ్డులో కాదు, చేప పుట్టి నెలా రెండు నెలలు గడిచాక. గుండె పెద్దదై, లోపల పారే రక్తం నుంచి నానే ఆక్సిజన్ చాలనప్పుడు. రిసెప్టర్ లోపమున్న చేపల్లో కరోనరీలు వలగా పెరగలేదు. మామూలు జీబ్రాఫిష్ గుండెలో ముక్క కోసేసినా తిరిగి పెంచుకోగలదు. ఈ చేపలు మాత్రం ఆ పని చేయలేకపోయాయి.

మొదట్లో చెప్పుకున్న డామినెన్స్‌కు వీటన్నిటితో ముడి 2025లో పడింది. అమెరికా మాజీ సైనికుల ఆరోగ్య వివరాలు, జన్యు సమాచారం భద్రపరిచిన మిలియన్ వెటరన్ ప్రోగ్రామ్‌లో 60,000 మందికి పైగా యాంజియోగ్రామ్ వివరాలను రెడ్-హార్స్ తదితరులు వాళ్ల జన్యువులతో పోల్చారు. కుడా ఎడమా అన్నదానితో సంబంధమున్న పది చోట్లు డీఎన్‌ఏలో తేలాయి. యూరప్ మూలాలున్నవాళ్లలోనూ, ఆఫ్రికా మూలాలున్నవాళ్లలోనూ కనిపించినది సీఎక్స్‌సీఎల్12 పక్కనున్న చోటు. ఎలుకల్లో ఈ ప్రొటీన్‌ను తగ్గించి చూస్తే, గదుల మధ్య గోడకు రక్తమిచ్చే ధమని ఏ వైపు నుంచి వస్తుందన్నది మారిపోయింది. కొన్ని కొమ్మలు ఈ కీమోకైన్ ఉన్న చోటుకు కాకుండా ఎటో పెరిగాయి. గర్భంలో ఈ ప్రొటీన్ ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్న చిన్న తేడాలే అరవై ఏళ్ల మనిషి యాంజియోగ్రామ్‌లో కనబడుతున్నాయి.

ఇక్కడిదాకా వచ్చాక ఎవరికైనా తట్టేది ఒకటే. ధమనులకు దారి చూపే మందు చేతిలో ఉంటే, బ్లాకు పడ్డ గుండెకు కొత్త దారి వేయించొచ్చు కదా? ఆశకు ఆధారం ఉంది. 2019లో రెడ్-హార్స్ ల్యాబ్‌లో సౌమ్యశ్రీ దాస్ తదితరులు అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో ఒక కరోనరీని కట్టేసి చూశారు. ఆక్సిజన్ అందని చోట కేశనాళికలు సీఎక్స్‌సీఎల్12ను వదిలాయి. పక్క ధమని గోడలోని కణాలు ఒక్కొక్కటిగా విడివడి, కేశనాళికల మీదుగా నడిచి, మళ్లీ ఒకచోట కూడి కొత్త ధమనిగా తయారయ్యాయి. డాక్టర్లు కొలేటరల్ అనే సహజ బైపాస్ అదే. ఎదిగిన ఎలుకల గుండె తనంతట తాను ఈ పని చేయదు. కానీ గుండెపోటు తర్వాత సీఎక్స్‌సీఎల్12ను ఒకసారి ఇస్తే వాటిలోనూ కొన్ని కొలేటరల్స్ ఏర్పడ్డాయి. సౌమ్యశ్రీ దాస్ తర్వాత బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సొంత ల్యాబ్ పెట్టి ఈ దారిలోనే పనిచేస్తున్నారు.

ఆశను అదుపులో పెట్టే విషయాలూ ఉన్నాయి. గుండె వైఫల్యం ఉన్న 93 మందిని తీసుకుని, వాళ్లలో కొందరికి ఈ జన్యువును, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందును సూదితో గుండె కండరంలోకి ఎక్కించిన స్టాప్-హెచ్‌ఎఫ్ ట్రయల్ ఫలితాలు 2015లో వచ్చాయి. నాలుగు నెలల తర్వాత నడిచే దూరం, జీవన నాణ్యత కలిపి చూస్తే అనుకున్న మెరుగుదల కనబడలేదు. ఇంకా ఇబ్బందికరమైనది ఏమిటంటే, కరోనరీ జబ్బుకు కారణమయ్యే జన్యు స్థానాలను వెతికిన 2007 నాటి పెద్ద అధ్యయనంలోనే సీఎక్స్‌సీఎల్12 పక్కనున్న చోటు బయటపడింది. రక్తనాళాల లోపలి పొర నుంచి వచ్చే సీఎక్స్‌సీఎల్12 కొవ్వు పేరుకోవడాన్ని పెంచుతుందనీ, అదే నాళాల్లోని సీఎక్స్‌సీఆర్4 మాత్రం దాన్ని తగ్గిస్తుందనీ మ్యూనిక్‌లో ఇవోన్ డోరింగ్ బృందం ఎలుకల్లో చూపించింది. పిలిచేదాన్ని పెంచితే చెడు, వినేది ఉంటే మంచి. రెంటినీ కలిపి ఒకే మీట అనుకుంటే పొరపడతాం.

అందుకే నాకు ఒళ్లంతా తిరిగే ఇంజెక్షన్ మీద నమ్మకం తక్కువ. పిండంలో నాళాలకు దారి చూపేటప్పుడు ఈ ప్రొటీన్ ఒక చోటే, కొద్దిసేపే, పక్కన ఊడ్చే రిసెప్టర్ ఉండగానే పనిచేసింది. రక్తం పారగానే వినడం ఆగింది. మందుగా వాడాలంటే ఈ నాలుగు షరతుల్నీ అరవై ఏళ్ల గుండెలో తిరిగి ఏర్పాటు చేయాలి: ఆక్సిజన్ అందని చోటే విడుదల కావాలి, కొన్ని రోజులే ఉండాలి, మిగిలినది తొలగిపోవాలి, కొత్త నాళం తెరుచుకోగానే సంకేతం ఆగాలి. ఎలుకల్లో ఇచ్చిన ఒక్క డోసు వీటిలో రెండో షరతుకు మాత్రమే దగ్గరగా వచ్చింది.